వెయ్యికి రెండొందల యాభై

మనిషి కంటే ముందు వాసన మెట్లెక్కి వచ్చింది.

రాయపురం రేవు చేపల కంపు. కార్తీక చున్నీతో ముక్కు మూసుకుంది.

అసలే ఒళ్లు మండిపోతోంది. బల్ల మీద ఉన్నది పడవలకు సముద్రం లోతు చూపే మెషిన్ కోసం తనే గీసిన యాంప్లిఫయర్ బోర్డు. మూడు స్టేజీలు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ సిగ్నల్‌ను పదింతలు పెంచుతోంది. కలిపితే వెయ్యింతలు రావాలి కదా? రెండొందల యాభై దగ్గరే చతికిలబడుతోంది.

"సాయంత్రానికి సరి చెయ్యకుంటే సోమవారం నించి రావద్దు" అని ఓనరు దామోదరం పొద్దున్నే చెప్పేశాడు. ఈ రిపేరు షాపులో చేరి మూడు వారాలే అయింది.

"సార్ లేడా పాపా?" లోపలికొచ్చిన ముసలాయన బల్ల ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. లుంగీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"లేరు. రిపేరైతే కింద ఇచ్చి పో."

ఆయన వంగి, సిగ్నల్ గీతలు చూపే స్కోపులోకి చూశాడు. బోర్డు చూశాడు.

"ఐసీ చిప్పులన్నీ మార్చేసినా. నీకెందుకు తాతా?" అంది కార్తీక.

"విడిగా అన్నీ మంచివే పాపా. తగిలిస్తేనే రోగం. నడుమ ఫిల్టర్లు పెట్టినావే, ఆడ వచ్చే సిగ్నల్‌ని దాని వెనక వచ్చే స్టేజీ సగం తాగేస్తా ఉండాది. రెండు అతుకులు, రెండు సగాలు. అతుక్కొక బఫర్ అడ్డం పెట్టి చూడు, సిగ్నల్‌ని తాగనీదు."

"అయ్యో, చేపలోళ్లు కూడా మాకు పాఠం చెప్పేదే! లెయ్ తాతా, ఛీ, ఒకటే కంపు."

ఆయన లేచాడు. గుమ్మం దాటకముందే కార్తీక స్టూలును స్పిరిట్‌తో తుడిచింది.

ఆయన చూశాడు. మెట్లు దిగి పోయాడు.

నాలుగింటికి, వేరే దారి లేక, రెండు బఫర్లూ పెట్టింది.

వెయ్యి!

సంతోషం రాలేదు. తన చేతికంటిన స్పిరిట్ వాసనను చున్నీకి తుడుచుకుంది.

దామోదరం వచ్చి స్కోపు చూశాడు. "శభాష్! కోటిలింగం వచ్చినాడా?"

"ఎవరు సార్?"

"పిల్ల కష్టపడతా ఉంది, ఒక తూరి చూసి పోవయ్యా అని ఐస్ ఫ్యాక్టరీకి ఫోన్ చేసినా. ఆడ చేపలకి ఐసు కొడతాడు ఇప్పుడు."

"ఆయనకి ఇదంతా ఎట్లా తెలుసు సార్?"

దామోదరం బోర్డు తిప్పి చూస్తూ మామూలుగా అన్నాడు:

"పోయిన నెల దాకా పద్దెనిమిదేళ్లు ఆ స్టూలు ఆయనదేమ్మా. ఇద్దరికి జీతం ఇయ్యలేనంటే, 'చదువుకున్న పిల్ల, ఆ బిడ్డనే పెట్టుకో సార్' అని ఆయనే తప్పుకున్నాడు."