లోపం దీనిదా, నాదా?

"కుడివైపు అక్షరాలు వెనకబడుతున్నాయి బాబూ."

చిన్న టాబ్లెట్‌ను ఫోన్ల షాపు కౌంటరు మీద పెట్టి అంది ఆమె. యాభై దాటిన మనిషి. ఒక్క వెంట్రుక చెదరకుండా జుట్టు ముడి వేసుకుంది.

కౌంటరు వెనక ఉన్న మెకానిక్‌ను తోటివాళ్ళు నార్మల్రావు అంటారు. ఎవరు ఏ రోగంతో ఫోను పట్టుకొచ్చినా "ఇది నార్మలే" అని పంపించేస్తాడని ఆ పేరు. తెర పగిలితే తప్ప లోపం కాదని యజమాని చెప్పిన మాట అతనికి వేదవాక్కు.

"అక్షరాలు వెనకబడటం ఏంటి మేడమ్?"

"ఇలా నిలువుగా పట్టుకుని పైకి జరుపుతుంటే ఎడమవైపు ముందు కదులుతోంది, కుడివైపు ఆనక వస్తోంది. లైను వంకరపోయి, మళ్ళీ సర్దుకుంటోంది. చూడు."

అతను వేలితో పైకీ కిందకీ తోశాడు. పేజీ పరుగెత్తింది, ఆగింది.

"బాగానే ఉంది కదా!"

"నీకు కనిపించడం లేదూ?" ఆమె గొంతులో ఆదుర్దా.

వరసలో నిలబడి విసుగెత్తినవాళ్ళకి కాలక్షేపం దొరికింది. అందరూ మెడలు చాచారు.

"నాకేం కనిపించట్లేదు," అన్నాడు హెల్మెట్ చంకలో పెట్టుకున్నాయన.

"నాకైతే పొద్దున్నించీ లోకమంతా వంకరగానే ఉంది. మా ఇంట్లో గొడవ లెండి," అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు.

చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకావిడ మాత్రం కళ్ళు చికిలించి చూసింది. "అవునండోయ్, కాస్త ఊగుతున్నట్టే ఉంది..."

నార్మల్రావు ఆవిడ వంక ఒక చూపు చూశాడు.

"ఏమో లెండి. వీడు కదిలితే అలా అనిపించిందేమో," అని బిడ్డ మీదకి నెట్టేసింది ఆవిడ.

టాబ్లెట్ తెచ్చిన పెద్దావిడ ముందుకు వంగింది.

"కొత్తది ఇమ్మని రాలేదు బాబూ. లోపం దీనిదా, నాదా? అదొక్కటీ చెప్పు, చాలు. కళ్ళ డాక్టరు నా చూపు బాగుందన్నాడు. కానీ నాది కంటితో చేసే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా..."

"త్వరగా కానివ్వండి!" అన్నారెవరో వెనకనుంచి.

"టాబ్లెట్ నార్మలే మేడమ్. నాదీ పూచీ. కళ్ళు బాగుండీ వంకరగా కనిపిస్తోందంటే, తలలోనే ఏమన్నా తేడా ఉందేమో. పెద్ద డాక్టరుకి చూపించుకోండి."

నరంలేని నాలుక, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. అతని మట్టుకు అతను వరస తగ్గించుకుంటున్నాడంతే.

ఆమె మొహం పాలిపోయింది.

"దాచకుండా చెప్పావు. మంచిది బాబూ," అని టాబ్లెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి కంపెనీ నుంచి షాపులన్నిటికీ కబురొచ్చింది. ఆ చిన్న టాబ్లెట్‌ను నిలువుగా పట్టుకుంటే తెరలో ఒక పక్క అక్షరాలు కాస్త ముందు, రెండో పక్క కాస్త వెనక కదులుతాయట. చాలామందికి తెలియదట, కొందరి కళ్ళే పట్టేస్తాయట. అడ్డంగా తిప్పితే పోతుందట.

నార్మల్రావు అద్దాల అరలోది ఒకటి తీసి, నిలువుగా పట్టుకుని చూశాడు. మొదట ఏమీ లేదు. తర్వాత కనిపించింది. ఒకసారి కనిపించాక ఇక ఎంతసేపు జరిపినా అదే.

"ఓరి నాయనో! ఆవిడ చెప్పింది నిజమేరా," అన్నాడు పక్క కుర్చీలో ఉన్న స్నేహితుడితో.

"అయితే బిల్లులో నంబరు చూసి ఫోన్ చేసి చెప్పరా, పాపం. ఎంత బెంగపెట్టుకుందో ఏమో!"

చెయ్యాలనే అనుకున్నాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఆ పూట జనం ఎక్కువ, మర్నాడు ఇంకేదో పని. చేద్దాం చేద్దాం అనుకుంటూనే మర్చిపోయాడు.

ఆ వారంలోనే అతను సెలవు పెట్టాల్సి వచ్చింది. అయిదేళ్ళ కూతురికి పుట్టుకతోనే ఒంట్లో రక్తం నిలవదు. నెలనెలా ఆస్పత్రిలో రక్తం తీయించి పరీక్ష చేయించాలి. ఎప్పుడూ భార్యే తీసుకెళ్ళేది.

"పోయినసారి పిల్లని పట్టుకోవడం నా వల్ల కాలేదండీ. ఈసారి మీరూ రావాలి," అని పట్టుబట్టింది ఆమె.

పడుచు నర్సు పిల్ల చేతికి రబ్బరు పట్టీ బిగించింది. తట్టింది, తడిమింది, గుచ్చింది. రక్తం రాలేదు. రెండో చెయ్యి పట్టుకుంది. మళ్ళీ రాలేదు.

"నాన్నా, వద్దని చెప్పు నాన్నా!"

పిల్ల కాళ్ళు గట్టిగా పట్టుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు నార్మల్రావు. ఆ ఏడుపు వినడం అతని వల్ల కాలేదు.

"నరాలు మరీ సన్నం సార్, దొరకడం లేదు," అంది నర్సు. పాపం, ఆమె కళ్ళలోనూ నీళ్ళే. సీనియర్‌ని పిలుచుకొస్తానని బయటికి వెళ్ళింది.

"ఎప్పుడూ ఇంతేనా?" భార్యని అడిగాడు.

"లేదండీ. పోయినసారీ ఈసారీనే ఇలా. ఇదివరకు ఇక్కడ ఒక పెద్ద నర్సు ఉండేవారు. ఇది ఆవిణ్ణి 'చీమ అమ్మమ్మ' అనేది. 'చీమ కుట్టిందా తల్లీ?' అని అడిగేలోపే రక్తం తీసేసేవారు. ఆస్పత్రికి అంటే చాలు, ఇది నవ్వుతూ తయారయ్యేదంటే నమ్మండి!"

"మరి ఆవిణ్ణే పిలిపించొచ్చు కదా?"

"ఎక్కడని పిలుస్తారు? ఉద్యోగం మానేసి చెల్లెలి ఊరు వెళ్ళిపోయారట. ఎంతమంది డాక్టర్లు ఏమీ లేదన్నా వినలేదట."

"ఏమొచ్చింది ఆవిడకి?"

భార్య కూతురి కన్నీళ్ళు తుడుస్తూ చెప్పింది. "ఏదో టాబ్లెట్‌లో అక్షరాలు వంకరగా కనిపించాయటండీ, తేడా దానిది కాదు, మీ తలలోదేనని షాపువాడెవడో అన్నాడట, ఇక ఈ కళ్ళను నమ్ముకుని పసిపిల్లల చేతిలో సూది గుచ్చలేనని ఏడ్చుకుంటూ వెళ్ళిపోయారట."