వాచిన కాలు

"కాలు పట్టవే అంటుంటే వినపడట్లేదూ?" మంచం మీంచి అరిచాడు విశ్వాసం.

సలోమి వచ్చి మొగుడి పొట్ట మీద ఇంజెక్షన్ పొడిచి, సూది తీసి, దూది అదిమింది. రోజూ ఆ పని వరకే. కాలు మాత్రం ముట్టుకోదు.

"అదొక్కటీ తప్ప ఏదైనా చెప్పండి, చేస్తాను," అంది.

ఎడమకాలు తొడ దాకా వాచి నున్నగా మెరుస్తోంది. కడుపులో పుండని చెప్పి ఏలూరులో అతనికి ఆపరేషన్ చేయించారు. అది క్యాన్సరని అతనికి తప్ప కలిదిండిలో అందరికీ తెలుసు. రోగం పేరు రోగి ముందు ఎత్తకూడదు మరి. ఇంటికొచ్చాక కాలు వాచింది. సలోమి మళ్లీ ఏలూరు తీసుకెళ్లి ఈ ఇంజెక్షన్లు రాయించుకొచ్చింది. ఊరు మాత్రం బోదకాలని తేల్చేసింది.

విశ్వాసానికి ఓపిక ఉన్నన్నాళ్లూ తాగొచ్చి తన్నాడు. అది పోయాక నోటితో తంతున్నాడు. అన్నం కంచంలోనే ఉమ్మి, ఆమె చేతే కడిగిస్తాడు.

ముదినేపల్లి నుంచి అతని అక్క సువార్తమ్మ వచ్చింది.

"కట్టుకున్నవాడి కాలు ముట్టుకోడానికి అసహ్యమా? ఛీ! లే, నేను పడతాను."

చాపిన ఆ చేతిని సలోమి తోసేసింది.

"మీరూ ముట్టుకోవద్దండి, వదినగారూ."

తను పట్టదు, ఇంకొకరిని పట్టనివ్వదు! చుట్టుపక్కలవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. బోదకాలు అంటుకుంటుందని దాని భయం, అన్నారు.

ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టారు. అందరూ చూస్తుండగా విశ్వాసం కాండ్రించి ఆమె మొహం మీద ఉమ్మేశాడు.

"రోగిష్టి మనిషి, ఏమనుకోకమ్మా. తుడుచుకో," అన్నారెవరో. మిగతావాళ్లు పాట అందుకున్నారు.

సలోమి పెరట్లోకెళ్లి మొహం కడుక్కుంది. ఎంత రుద్దినా జిగట వదిలినట్టు లేదు.

ఆముదం వెచ్చచేసి తెచ్చింది. మంచం చివర కూర్చుని, వాచిన కాలు ఒళ్లోకి తీసుకుని పిక్క నుంచి తొడ దాకా పిసకడం మొదలుపెట్టింది.

"ఇప్పటికి బుద్ధొచ్చింది తల్లికి!" అంది సువార్తమ్మ.

"ఇంకా గట్టిగా," అన్నాడు విశ్వాసం కళ్లు మూసుకుని.

"అలాగేనండి."

ఆ కాలిలో నెత్తురు గడ్డకట్టిందని, పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుందని, రోగి చెవిన పడకుండా పక్కకు పిలిచి ఏలూరు డాక్టరు చెప్పింది ఒక్క సలోమికే.