దగ్గు లేని సంబంధం

లోపలి గదిలో ఎవరో దగ్గారు. అంతే, ముత్యాలప్ప చేతిలోని కాఫీ లోటా కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, లేసినావు?" పిల్ల తండ్రి నరసప్ప కంగారుపడ్డాడు.

"ఆ దగ్గేంది?"

"మాయమ్మప్పా. ముసిల్ది. పొయ్యి పొగ పడదు."

"ఏది పొగదగ్గో, ఏది ఇంకో దగ్గో నాకు తెలుసులే." ముత్యాలప్ప చెప్పులేసుకుని బయటపడ్డాడు.

నాగలమడిక సంబంధం అలా పోయింది. అంతకుముందు వెంకటమ్మనహళ్లి సంబంధం ఇంకా సులువుగా పోయింది. ఆ ఇంటి ముందు ఆశా కార్యకర్త స్కూటీ ఆగి ఉండడం ఆయన కళ్లారా చూశాడు. కడుపుతో ఉన్న కోడలికి మాత్రలివ్వడానికి వచ్చిందని ఊరంతా చెప్పినా చెవిన పెట్టలేదు.

పొలం సోలార్ పార్కుకు బాడుగకిచ్చాక ముత్యాలప్పకు పని లేకుండా పోయింది. ఖాళీగా ఉన్న బుర్ర ఊరివాళ్ల ఊపిరితిత్తుల మీద పడింది. ఎవరు చిక్కిపోయారు, ఎవరు పావగడ ఆస్పత్రి మెట్లెక్కారు, తమ ఊరి ఆశా కార్యకర్త సౌభాగ్య ఎవరింట్లో ఎంతసేపు కూర్చుంది, అన్నీ ఆయనకు కావాలి. టీబీ వచ్చినవాళ్లకు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారని ఎక్కడో విన్నాడు. ఇక పట్టపగ్గాలు లేవు. దగ్గినవాడికల్లా రెండు జబ్బులూ తానే అంటగట్టేవాడు. అదే ఊరి గోపాలప్పకు టీబీ అని తెలిసిన రోజే పాల డెయిరీలో అతని పాలు పోయనివ్వలేదు. గోపాలప్పకు జబ్బు పూర్తిగా నయమైంది కానీ పాలు మాత్రం ఇప్పటికీ వెనక్కే వస్తున్నాయి. ఇంత నీచానికి ఈ పెద్దమనిషి పెట్టుకున్న పేరు 'జాగ్రత్త'.

సౌభాగ్య ఒకసారి ఆయన ఇంటికీ వచ్చింది.

"మామా, ఊర్లో అందరికీ టీబీ పరీక్ష చేస్తాండాము. మీ ఇంట్లో కూడా..."

"నా గడప తొక్కినావంటే కాళ్లిరుగుతాయి! జబ్బులోళ్లు నా ఇంట్లో యాడుండారే? పో, పొయ్యి ఆ లేకిముండాకొడుకుల ఇండ్లలో ఎతుక్కో!"

ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. వీధి వీధంతా విన్నదన్న సంతోషంతో ఆ పూట ఆయన ఇంకో సంగటి ముద్ద వేయించుకున్నాడు.

అంతటి ఇంటికి కోడలై వచ్చే పిల్ల ఎలాంటి ఇంటిదై ఉండాలి! కొడుకు ఒక్కడే, యోగీశ్. కొన్నేళ్లు బెంగళూరులో ఉండి వచ్చి, ఇప్పుడు సోలార్ పార్కులో సూపర్‌వైజరు. వాడి పెళ్లిలో ఏమరుపాటుగా ఉంటే జబ్బు తన వంశంలోకే వచ్చి కూర్చుంటుందని ముత్యాలప్ప భయం. అందుకే నచ్చిన సంబంధాలన్నీ తన్నేస్తూ పోయాడు. సంబంధం తప్పినప్పుడల్లా యోగీశ్ ఒకటే మాట అనేవాడు.

"ఇంకా బాగా విచారించు నాయనా. తొందరేముండాది?"

"కొడుకంటే వీడప్పా!" అని ముత్యాలప్ప మీసం దువ్వుకునేవాడు.

చివరికి యోగీశ్ స్నేహితుడు ప్రకాశ్ అరసికెరె సంబంధం ఒకటి చెప్పాడు. కదిరమ్మ కూతురు ధనుశ్రీ. హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. ముత్యాలప్ప అరసికెరెలో చుట్టాలింట మకాం వేశాడు. కదిరమ్మ ఇంటికి ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చుని, లోపల ఎవరైనా దగ్గుతారేమోనని చెవులు రిక్కించాడు. ఎవరూ దగ్గలేదు. పక్కనే అంగడి పెట్టుకున్న అంజినమ్మను పట్టుకున్నాడు.

"ఈ ఇంటికి ఆశా కార్యకర్త వస్తా పోతా ఉంటాదా?"

"ఈ ఇంటికా? నేనెప్పుడూ సూడలేదప్పా. ఆ పిల్లకేమి, గుండ్రాయి మాదిరి ఉండాది."

ముత్యాలప్పకు ప్రాణం లేచొచ్చింది. ఆ వారంలోనే లగ్నం పెట్టించాడు.

పెళ్లి భోజనాల దగ్గర ఆయన్ను పట్టడం ఎవరి వల్లా కాలేదు. గోపాలప్పనూ సౌభాగ్యనూ పిలవలేదని పంక్తి పంక్తికీ వెళ్లి చెప్పుకున్నాడు.

"ఎన్ని గడపలు తిరిగినానో తెలుసునా? జబ్బనే మాటే లేని ఇల్లు ఎతికి పట్టినా. ఎవురి కండ్లన్నా కప్పొచ్చు, నా కండ్లు కప్పేటోడు ఈ తాలూకాలో ఇంగా పుట్టలేదు!"

తియ్యటి ఓళిగలు నములుతున్నవాళ్లు నోరు తెరవలేక తలలూపారు.

అదే సమయానికి విడిది గదిలో యోగీశ్, ధనుశ్రీ తలుపు దగ్గరికేసుకుని, టీబీతో చిక్కిపోయిన రోజుల్లో తాము మొదటిసారి కలుసుకున్న హిందూపురం ఆస్పత్రి నుంచే ఇప్పటికీ తెచ్చుకుంటున్న హెచ్‌ఐవీ మాత్రలు చెరొకటి నోట్లో వేసుకుని, ఒకే సీసాలోని నీళ్లు తాగారు.