రంగు మారని వేరు

మూడోసారీ రంగు మారలేదు.

పరిశోధకురాలు గాజుగొట్టాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. వేరు సారంలో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటే ఊదారంగు ద్రావణం అరగంటలో పసుపుపచ్చగా మారాలి. పక్క గొట్టంలో వేసిన విటమిన్ సి ఎప్పుడో రంగు మార్చేసింది. ఈ వేరు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఏమీ లేదు అందులో," అంది పక్క బల్ల దగ్గరి సీనియర్. "ఉన్నమాట చెప్పి పంపించెయ్. ఎన్నాళ్ళు తిప్పుతావు పాపం?"

చెప్పడమే కష్టం. బయట బెంచీ మీద టైలరు కూర్చుని ఉన్నాడు. ల్యాబులో అందరి తెల్లకోట్లూ ఆయన కుట్టినవే. కొలతలు తీసుకుంటూ, "లోపల పరీక్షలు చేస్తున్నారా, వండుకు తింటున్నారా?" అని నవ్వించే మనిషి.

పది రోజుల కిందట సీసాడు ఎండు వేరుముక్కలు తెచ్చాడు.

"మా ఆవిడ ఈ కషాయాన్నే నమ్ముకుందమ్మా. డాక్టర్లు చేతులెత్తేశారు. ఇందులో అసలేమన్నా ఉందో లేదో చూసిపెడతావా?"

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం వస్తున్నాడు. మనిషి సగమైపోయాడు. నిన్న పరిశోధకురాలి కోటుకి ఊడిన గుండీ కుట్టబోయి, రెండుసార్లు వేలికి సూది గుచ్చుకున్నాడు.

ఆమె బయటికి వచ్చింది. ఆయన గబుక్కున లేచాడు.

"ఏమీ లేదు కదా తల్లీ? లేదనే చెప్పు. నేనేమీ అనుకోను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. మిగిలిన ఒక్క ఆశనీ తన నోటితో తుంచెయ్యాలా? నాలుగు గుక్కల కషాయం తాగితే ఇప్పుడు కొత్తగా వచ్చే నష్టమేముంది?

ఆరేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఫలితం తారుమారు చేసి చెప్పింది.

"ఎందుకు లేదు బాబాయ్? బోలెడంత ఉంది. ఇంత బలమైన వేరు నేను చూడనే లేదు. వేసీ వెయ్యగానే రంగు మారిపోయింది."

టైలరు బెంచీ మీద కూలబడ్డాడు.

"నిజంగానా?"

"ఒట్టు. పిన్నిని ఒక్కపూట కూడా మానొద్దని చెప్పండి."

ఆయన నేలకేసి చూస్తూ అన్నాడు.

"పోయేదాకా కషాయం ఇమ్మని బతిమాలుతూనే ఉంది తల్లీ, ఉత్త గడ్డివేరని నేనే ఇవ్వలేదు."