కోదాడ మేడమ్

మా మనవరాలు లహరి తన కష్టసుఖాలు నాతో చెప్పడం మానేసింది. కోదాడలో తను చదివే కాలేజీలో కౌన్సెలింగ్ మేడమ్ ఒకావిడ ఉందట. వారం వారం ఆవిడ గదికి పోయి మాట్లాడి వస్తుంది.

"గామెకు చెప్పేది నాకు చెప్తే ఏమైతదే?" అని అడిగాను.

"నువ్వు తిడ్తవ్ నానమ్మా. ఆమె ఇంటది."

ఊరికే వినడానికి కూడా జీతమిస్తారని తెలిస్తే నేను పంతులమ్మగా చేరేదాన్నే కాదు.

కడుపుమంట ఆగక మిర్యాలగూడలో బస్సెక్కి నేరుగా ఆవిడ గదికే వెళ్లాను. చూస్తే, నిన్నమొన్న చీర కట్టడం నేర్చుకున్న పిల్ల!

"లహరి నా చేతుల పెరిగిన పిల్ల. దానికేం గోస వచ్చిందో ముందుగాల నాకు చెప్పు" అన్నాను.

"లహరికేం కాలేదండి. తాతగారు పోయాక మీరు ఒక్కసారి కూడా ఏడవలేదని తన బెంగ. మిమ్మల్ని ఎలా చూసుకోవాలో అడగడానికే నా దగ్గరికొస్తుంది. మీరొస్తే ఈ మాట చెప్పమని తనే అంది. ఇంట్లోవాళ్లకి కూడా మేం సాయం చేస్తామండి, కూర్చోండి."

"నాకేమైంది, మంచిగనే ఉన్న" అందామని నోరు తెరిచాను. పెళ్లయిన నాటి నుంచీ ఎవరి ముందూ పలకని ఆయన పేరు వచ్చింది.