తీసేసిన నంబరు

గ్రూపు పెద్దగారికి,

నా చేతిరాత కోడి గీతలు. తప్పులూ ఉంటాయి. మన్నించి చదవండి.

కొత్తగా చేరినవాళ్లు సాయంత్రంలోగా పరిచయం చేసుకోవాలని, లేకపోతే తీసేస్తామని మన సముద్రం వీధి గ్రూపులో పెట్టారు. అందరూ రాశారు. నేను "నమస్కారం" అని కొట్టి, చెరిపేసి, మళ్లీ కొట్టాను.

"ఏం రాశావయ్యా?" అంది మా ఆవిడ.

"ఇంకా ఏమీ లేదు."

"నువ్వెవరో వీధంతటికీ తెలుసు. నీకే తెలియదా? కానియ్!"

ఈలోగా తీసేశారు.

మా అబ్బాయి వెళ్లిన పడవ ఇంకా ఒడ్డుకు రాలేదు. గాలికి ఇంటి రేకులు లేచిపోతున్నాయి. పడవల కబుర్లన్నీ ఆ గ్రూపులోనే వస్తాయి. మా ఆవిడ గుమ్మం వదలడం లేదు. అందుకే ఈ కార్డు మీ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

పరిచయం ఇదిగో. నేను పడవల వడ్రంగిని. మీరు తీసేసిన కొత్త నంబరు నాదే. మీ గోడకు ఇవతలి ఇల్లు మాది.

ఊరందరికీ పరిచయం చేసుకోగలను తమ్ముడూ. ఒక తల్లి కడుపున పుట్టిన నీకు, నేనెవరినని రాయను?

పడవ వచ్చిందని తెలిస్తే, మాట్లాడకపోయినా ఫరవాలేదు, గోడ మీద కొట్టు. తొందరగా కొట్టు.