బీరువాలో సర్టిఫికెట్లు

“ఒరిజినల్స్ ఇచ్చేదాంక నేను ఈడికెళ్లి కదల, సార్.”

దీవెన కుర్చీ లాక్కుని కరస్పాండెంట్ రామలింగయ్య గది గుమ్మంలోనే కూర్చుంది.

కోదాడలోని ఆ ప్రైవేటు స్కూల్లో ఆమె లెక్కల టీచరు. జీతం పద్నాలుగు వేలు. వేసవి సెలవుల్లో అదీ ఉండదు.

ఇప్పుడు డీఎస్సీలో జిల్లాకు మిగిలిన చివరి లెక్కల పోస్టు మార్కుల ప్రకారం ఆమెకే రావాలి. అవే లెక్కలు, అలాంటి పిల్లలే, జీతం మాత్రం నాలుగింతలు. సాయంత్రం ఐదులోపు సూర్యాపేట వెళ్లి సర్టిఫికెట్లు చూపించాలి. లేదంటే పోస్టు తర్వాతివాళ్లకు పోతుంది.

ఆ సర్టిఫికెట్లేమో రామలింగయ్య బీరువాలో ఉన్నాయి. టీచర్లు మధ్యలో మానేయకుండా, చేరిన రోజే ఒరిజినల్స్ తీసుకుని తాళం వేయడం ఆయన పద్ధతి. ఆ స్కూలును నడిపేది ఆయనో ఆ బీరువానో చెప్పడం కష్టం.

“నీ స్థానంలో ఇంకొకరొచ్చి ఒరిజినల్స్ పెట్టాక తీసుకెళ్లమ్మా. టెన్త్ పిల్లల్ని నేనెవరికి అప్పజెప్పాలి?” అన్నాడాయన, తాపీగా టీ తాగుతూ.

“అప్పటిదాంక నా నౌకరి ఆగుతదా సార్?”

“అది నా చేతిలో ఉందా?”

మధ్యాహ్నం దాటింది. దీవెన అన్నం తినలేదు, లేవలేదు.

అప్పుడొచ్చింది ఒకామె. నలిగిన నూలుచీర, చేతిలో ఫైలు. పేరు స్వరూప, ఊరు మునగాల. లెక్కల టీచరు కావాలన్న ప్రకటన చూసి వచ్చిందట.

“గీడ ఎందుకు కూసున్నరు, మేడం?” అని అడిగింది.

“నా సర్టిఫికెట్లు లోపలున్నయి. ఇంకో టీచరొచ్చి ఒరిజినల్స్ పెడితెనే ఇస్తడట. ఐదింటికల్లా సూర్యాపేటల సూపియ్యకుంటే దీవెన బతుకు ఖతం.”

“దీవెన అంటే మీరేనా?”

“నేనే. ఎందుకు?”

స్వరూప ఆమె ముఖంలోకి కాసేపు అలాగే చూసింది. ఫైలు సర్దుకుని లోపలికి వెళ్లింది.

లోపలి మాటలు గుమ్మందాకా వినిపిస్తూనే ఉన్నాయి.

“కొత్తవాళ్లకు పదకొండు వేలమ్మా.”

“సరే సార్.”

“ఏడాదిదాకా మానేయకూడదు.”

“సరే సార్.”

“తొందరేం లేదు. ఇంటికెళ్లి ఆలోచించుకుని రేపు రా.”

“ఆలోచించుడేం లేదు సార్. ఇగో నా ఒరిజినల్స్. ఇప్పుడే జాయినైత.”

దీవెనకు కడుపు మండిపోయింది. పద్నాలుగు వేలు చాలడం లేదని తను ఏళ్ల తరబడి ఈ మనిషితో పోట్లాడుతోంది. ఈవిడ బేరమైనా ఆడకుండా పదకొండుకు తలూపింది.

రామలింగయ్యకు ఇక సాకు దొరకలేదు. బీరువా తెరిచాడు.

దీవెన తన కవరు లాక్కుని, పోతూ పోతూ స్వరూప ముందు ఆగింది.

“మీ అసుంటోళ్లతోనే ప్రైవేటు టీచర్ల బతుకులు గిట్లయినయి. జర సిగ్గుండాలె!”

స్వరూప తలెత్తలేదు.

“జల్ది పోండ్రి మేడం. బస్సు దొరకదు మళ్ల.”

దీవెన విసవిసా బయటికి నడిచింది.

సూర్యాపేటలో బస్సు దిగి పరుగందుకుంది. ఆఫీసులో అప్పటికే బల్లలు సర్దేస్తున్నారు. గుమాస్తా జానయ్య ఆమెను చూసి మళ్లీ కూర్చున్నాడు. కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చూసి ముద్ర వేశాడు.

“అయిపోయిందమ్మా. పోస్టు నీదే.”

దీవెనకు ఏనుగెక్కినంత సంబరమైంది. కళ్లు తుడుచుకుంది.

“నేను రాకపోతే ఏమయ్యేది సార్?”

“ఏమయితది? నీ తర్వాత ఉన్నామెకు పోయేది. ఆమెను గూడ పిలిచినం గద. పొద్దుగాల్నే వచ్చి కాగితాలు సూపించింది. ‘నీ పైన దీవెన అని ఒకామె ఉన్నది, ఇంక రాలే. ఐదింటిదాంక రాకుంటే పోస్టు నీకే’ అని నేనే చెప్పిన. పాపం, ఆమెది గూడ ప్రైవేటు బడి బతుకే.”

దీవెన కవరు సర్దుకుంటూ, మాటవరసకు అడిగింది.

“ఎవరు సార్ ఆమె?”

“మునగాల ఆమె. స్వరూప.”